పాత కంప్యూటర్‌లో మీ అమ్మ గొంతు

కోసిగి,
ఆదివారం.

చిరంజీవి వసంతకుమార్‌కు మీ నాయన ఆశీస్సులు. దేవుని దయ వల్ల ఇక్కడ నేను, కల్లూరులో మీ అక్క స్తుతి, దాని పిల్లలు అందరం క్షేమంగా ఉన్నాము. హైదరాబాదులో నువ్వు, కోడలు, పాప కూడా చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో నీ మాట నాకు వినిపించదని కాగితం మీద రాస్తున్నావు, సంతోషం. కుడి చెవికి పెట్టుకున్న మిషన్ ఎలా ఉందని అడిగావు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే పర్వాలేదు, గాలి వీస్తే మాత్రం అందులో హోరు తప్ప మరేమీ ఉండదు. ఎడమ చెవి మీద ఆశ వదులుకున్నాను. శనగ ఈసారి అంతంతమాత్రం. మంచు సరిగా పడలేదు, కాయ నిండలేదు. మిరపకోతలకు గుంటూరు వైపు పోయినవాళ్లలో కొందరే తిరిగొచ్చారు. సగం ఇళ్లకు ఇంకా తాళాలే.

అమ్మ జ్ఞాపకార్థ కూడికకు నీ పాటల బృందంతో వచ్చి పాడతానని, మైకులూ లైట్లూ నువ్వే తెస్తానని రాశావు. మూలనున్న పాత కంప్యూటర్‌ను పాతసామాను వాడికి వేసెయ్యమని, నాకు కొత్త ట్యాబ్ కొనిస్తానని కూడా రాశావు. కిందటి ఉత్తరంలోనూ ఇదే మాట రాశావు. కంప్యూటర్ సంగతి ముందు చెబుతాను.

దాన్ని పాతసామానుకు వేయలేదు. కూడికలో పెట్టడానికి అమ్మ ఫొటో పెద్దది చేయిద్దామంటే ఇంట్లో రేషన్ కార్డు మీద ఉన్నది తప్ప వేరే లేదు. నువ్వు డిగ్రీ చదివే రోజుల్లో అమ్మను ఫొటోలు తీసి ఆ కంప్యూటర్‌లో దాచావని స్తుతికి గుర్తొచ్చింది. పిడుగు పడ్డ వానాకాలం నుంచి అది మూలుగు కూడా లేకుండా పడి ఉంది కదా. అయినా చూద్దామంది. దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కల్లూరు తీసుకెళ్లాను. నిన్ను పట్టుకోవాలని కాదు వసంతా. ఈ ఒక్క మాట నమ్ము.

స్తుతి ఇంటి దగ్గర ఉమామహేశ్వర అనే అతను కంప్యూటర్లు బాగుచేస్తాడు. పెట్టె విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"పెద్దాయనా, ఇది ఇంగ లేయదు. బోర్డు మాడిపోయిండాది. అయితే మీ ఫొటోలు ఉండేది డిస్కులో. అది బతికుంటే సాలు" అన్నాడు.

డిస్కు ఊడదీసి తన కంప్యూటర్‌కు తగిలించాడు. అది కాసేపు తిరిగి, టక్కుటక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది.

"దీనికీ దెబ్బ తగిలిండాది. బలవంతం చేస్తే ఉండేది గూడా పోతాది. ఈడ పెట్టి పోండి, నిదానంగా లాగుతా."

వారం తిరిగాక పిలిచాడు. చాలావరకు దక్కాయిగానీ, వేటికీ పేర్లు మిగల్లేదు. అన్నీ అంకెలే. ఏది ఏదో తెలియాలంటే ఒక్కొక్కటి తెరవాల్సిందే. నేనూ స్తుతీ అతని పక్కన కూర్చున్నాము. నీ హాస్టలు స్నేహితులు, నీ బైకు, గండికోట దగ్గర నువ్వు. మీ అమ్మవి పనికొచ్చేది ఒక్కటే దొరికింది. నెత్తిన గడ్డిమోపు, చూపంతా నీ మీద కసురు. అదే బాగుందన్నాను.

ఆ తర్వాత ఫొటోలు కాక వేరేవి వచ్చాయి. "ఇవి పాటలు పెద్దాయనా, ఎవురిదో ఆడమనిషి గొంతు" అని అతను నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం పూర్తిగా పెంచాడు.

మొదట వినిపించింది నీ గొంతు. "అమ్మా, ఫ్యాను ఆపేసినా. ఇంగ పాడు."

మీ అమ్మ దగ్గింది. పాడింది.

మబ్బే లేని మిట్ట చేనిలో
నీ నీడే నాకు యేసయ్యా...

చనిపోయి ఇన్నేళ్లయ్యాక నా కృపమణి నా చెవిలో పాడుతోందని ఏడ్చాను. స్తుతి నా భుజం పట్టుకుంది. పాట అయిపోయాక మళ్లీ నువ్వు మాట్లాడావు.

"ఈ పాట నీకు ఎవురు నేర్పించినారుమా?"

అమ్మ నవ్వింది. "ఎవురు నేర్పిస్తారు నాయనా! కలుపు తీస్తా తీస్తా అదే వచ్చింది. సంతోషమ్మను అడుగు, ఆయమ్మే ముందర ఇన్నది."

నా ఏడుపు అక్కడ ఆగిపోయింది.

మొన్న మన ఊరి చర్చిలో, క్రిస్మస్ ఆరాధనలో ఈ పాటను ఏమని చెప్పి పాడావు? ఒక రాత్రి ప్రార్థనలో ప్రభువు నీకిచ్చిన పాట అన్నావు. లక్షలమంది వింటున్నారన్నావు. అప్పుడు ఆడవాళ్ల వరసలో నుంచి సంతోషమ్మ లేచింది. మీ అమ్మతో కలిసి జీవితమంతా కూలికి పోయిన మనిషి.

"ఇది మా కృపమణి పాట గదప్పా. చేన్లో మేమంతా పాడినాము" అంది.

నువ్వు తడుముకోలేదు. "అత్తా, నేను రాసిస్తే అమ్మ పాడేది. నీకు తెల్దులే" అన్నావు, నవ్వుతూ. దైవసేవకుని మీద అసూయతో నింద వేసిందని మన పాస్టరు సుందరం అయ్యగారు ఆమెను మందలించి, సంఘం ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించారు. ఆమె చెబుతూ నా వైపు చూసింది. నేను ఆదోని మిల్లులో కావలి పనికి పోయి ఆదివారాలే ఇంట్లో ఉన్నవాణ్ని. మీ అమ్మ చేన్లో ఏం పాడేదో నాకు తెలియదు. కొడుకు మాట నమ్మాను. ఆ రోజు నుంచి సంతోషమ్మ చర్చి గడప తొక్కలేదు.

ఇక నీకు చెప్పకుండా నేను చేసింది చెబుతాను. ఈ ఉదయం ఆరాధనలో మీ అమ్మ పాట అందరికీ వినిపించాను.

ముందు సంతోషమ్మ ఇంటికి పోయాను. రానంది.

"పోనీలే అన్నా, పిల్లోడు పైకొస్తాండాడు. ఒక పాట పోతే నాకేమి తక్కువ?" అంది.

"నీ మాట పోయింది కదా సంతోషమ్మా" అన్నాను. ఆమె లేచి లోపలికి పోయింది. తర్వాత చీర మార్చుకుని నా వెంట వచ్చింది.

కల్లూరు నుంచి వచ్చిన స్తుతి, పాట ఎక్కించుకున్న తన ఫోన్‌ను మైకు దగ్గర పెట్టింది. నీ గొంతు వినపడగానే అయ్యగారు లేచారు. "ఇది ఇంట్లో మాట్లాడుకునే సంగతి, దావీదురాజూ" అన్నారు.

"ఆమెను నిలబెట్టింది ఇంట్లో కాదు కదయ్యా" అన్నాను.

పాట మొదలయ్యాక ఆడవాళ్లు ఒక్కొక్కరే గొంతు కలిపారు. సంతోషమ్మ మాత్రం పాడలేదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. అయిపోయాక అయ్యగారు ఆమెతో ఒక్క మాట అనలేదు. ముగింపు ప్రార్థన చేసి వెళ్లిపోయారు. కన్నకొడుకును బజారున పెట్టినాడని బయట కొందరు నన్ను అన్నారు. అది నిజమే. పెట్టాను.

నీకు ఉద్యోగం లేని రోజుల్లో ఈ పాట నీకు అన్నం పెట్టి ఉంటుంది. మా అమ్మ పాట అని ఒక్క మాట చెప్పి పాడి ఉంటే ఊరంతా నిన్ను నెత్తిన పెట్టుకునేది. పేరు కోసం ఆశపడ్డావు, అంతవరకు నేను అర్థం చేసుకోగలను. కానీ నువ్వు పాడేది మూడు చరణాలు. మీ అమ్మ పాడింది నాలుగు. ఆ నాలుగోది నేను ఆ అంగట్లోనే మొదటిసారి విన్నాను.

పట్నము బోయిన నా వసంతుడు
పస్తు పడకుండ జూడు యేసయ్యా
వాని అడుగుకు, వాని నోటికి
నువ్వే కావలి ఉండు యేసయ్యా.

నీ పేరు ఉంటే పాట ఎవరిదో తెలిసిపోతుందని తీసేశావు. తీసేయాలంటే దాన్ని నువ్వు మళ్లీ మళ్లీ విని ఉండాలి. విని కూడా తీసేశావు. నాకు మింగుడుపడనిది ఇదే.

కూడికకు మైకులు, లైట్లు తేవద్దు. ఆ రోజు మన ఊరి ఆడవాళ్లు పాడతారు, నాలుగు చరణాలూ పాడతారు. నువ్వు కొడుకుగా రావాలనుకుంటే రా. బస్సు దిగి ముందు సంతోషమ్మ ఇంటికి పో. ఆమె నిన్ను క్షమిస్తుంది, ఆమెకది కష్టం కాదు. నేను రోజూ ప్రార్థనకు కూర్చుంటున్నాను. మీ అక్క పేరు, పిల్లల పేర్లు, ఊళ్లోవాళ్ల పేర్లు అన్నీ చెబుతున్నాను. నీ పేరు దగ్గరికి వచ్చేసరికి నాకు నోరు పెగలడం లేదు.

ఇట్లు,
మీ నాయన
దావీదురాజు