ఆకుపచ్చ తెరలు, నా సగం వాటా

మా ఇంట్లో నాకున్న పేరు ‘చూసుకోకుండా చేసేది’. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రెండు వందల ఆకుపచ్చ తెరలు ఎర్రమట్టి రంగులో తేలిన రోజు నుంచీ ఆ పేరే. నాన్న ఆ రోజు, "చదువెక్కువై దీనికి చూపు తగ్గింది," అన్నారు. బంధువులెవరొచ్చినా ఏడేళ్ళుగా అదే వేళాకోళం. నేను కాదనలేదు.

నా వయసు ఇరవై తొమ్మిది. బట్టలకు రంగులు వేసేవాళ్ళ ఇంటి పెద్ద కూతుర్ని, రసాయనశాస్త్రం చదివినదాన్ని. వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్. తెలివి తిన్నగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది.

1. కిటికీ దగ్గరి బల్ల, కట్టుడు పళ్ళు చేసే ఆయనకు. ఒక్కో నోటికి సరిపడే తెలుపు కోసం మా కిటికీ వెలుతురులోకి వచ్చేవారు. ఇద్దరం గంటసేపు మాటల్లేకుండా కూర్చునేవాళ్ళం. నాకు దొరికిన స్నేహం అంతే.

2. నా సన్న కుంచెలు మూడూ బోర్డులు రాసే పెద్దాయనకు. ఎరుపు మందంగా వేస్తారు. వేయనివ్వండి.

3. నా డిగ్రీ సర్టిఫికెట్టు, ఫ్రేముతో సహా, నాన్నకు. గోడకు కొట్టిందీ ఆయనే, దించిందీ ఆయనే.

4. తమ్ముడికి నా గొడుగు, రేడియో. ఇంకో సంగతి కూడా ఇక్కడే రాయాలి. వాడికి ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనిపిస్తాయి. చిన్నప్పటి నుంచీ నాకొక్కదానికే తెలుసు. రంగు తొట్టి దగ్గర నేల చూపులు చూస్తూ, "అక్కా, ఇది ఆకుపచ్చేగా?" అని గొణిగేవాడు. అవునైతే నేను దగ్గాలి. తెరల రోజు నాకు నిజంగానే దగ్గు. అదే అవుననుకుని వాడు అన్నిటినీ పక్కనున్న ఎర్రమట్టి రంగు తొట్టిలో ముంచేశాడు. ఆ వారమే నాన్న వాడికి కార్ఖానా తాళాలిచ్చారు కాబట్టి తప్పు నాదేనన్నాను. నన్ను తొట్ల వైపు రావద్దన్నారు. దగ్గడానికి మాత్రం వాడు వెనక గుమ్మం నుంచి పిలుస్తూనే ఉన్నాడు.

5. కార్ఖానాలో అమ్మ నాకు రాసిచ్చిన సగం వాటా, రంగు ముక్కలు అంటించిన నా పుస్తకం, బట్టలు జాడించే పిన్నికి. ఆమె మాకు బంధువు కాదు, చదువూ రాదు. తడి గుడ్డ చూసి అది ఆరాక ఏ రంగో చెబుతుంది. కార్ఖానాలో రంగు ఖాయం చేసేది ఇక ఆమే. నేను ఆపరేషన్ నుంచి లేచి వచ్చినా ఆ వాటా వెనక్కి తీసుకోను.

తేదీ: 11-3-2019
సంతకం: పెద్ద కూతురు
సాక్షులు: కుండలకు పూత వేసే ఆవిడ, పుస్తకాల అట్టలు అచ్చువేసే ఆయన