యాంటెన్నా ఎత్తే ముందు పైకి చూడు

షాంటిలీ, వర్జీనియా
ఆదివారం

ప్రియమైన తమ్ముడు కిషోర్‌కి,

అక్క దీవెనలు. నువ్వు, స్వాతి, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. పాపకి దగ్గు తగ్గిందా? అమ్మ బీపీ మాత్ర మానకుండా వేసుకుంటోందా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడ చలి తగ్గింది, చెట్లు చిగురు వేస్తున్నాయి. రోజూ వండుకుంటున్నాను, ఎక్కువగా పెరుగన్నమే. రుచి తెలియడం లేదు కానీ తింటున్నాను.

నీ వైఫై పనికి నువ్వు అడిగిన యాంటెన్నా ఈ పెట్టెలోనే ఉంది. ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెడతావు, అమ్మ వింటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చదివి నీ దగ్గరే ఉంచుకో.

మా ఆఫీసులో శ్రీధర్ గారని నెల్లూరాయన ఉన్నారు. నాకీ పని నేర్పింది ఆయనే. ఏ చోట వైఫై ఎంతవరకు అందుతోంది, చుట్టుపక్కల ఏ నెట్‌వర్క్‌లు దానికి అడ్డుపడుతున్నాయి అని వెతికి చెప్పడం మా పని. ఐదు వారాల కిందట ఒక గోదాము వెనక స్థలానికి ఇద్దరం వెళ్ళాం. యాంటెన్నాని పొడవాటి గొట్టానికి బిగించి పైకెత్తి చూడాలి. కరెంటు పాకని ఫైబర్ గొట్టం ఆఫీసులో ఉండిపోయింది. వెళ్ళి తెద్దామా అని ఆయన అడిగారు. "అల్యూమినియంది కార్లో ఉంది కదా, దాంతో కానిచ్చేద్దాం" అన్నాను నేను.

నేను కార్లో లాప్‌టాప్ పట్టుకుని కూర్చున్నాను. ఆయన చెట్ల పక్కన గొట్టం ఎత్తుతున్నారు. కొమ్మల వెనక కరెంటు తీగ ఉందని ఇద్దరం చూడలేదు. పెద్ద చప్పుడైంది. తలెత్తేసరికి ఆయన నేల మీద ఉన్నారు. గొట్టం మాత్రం తీగకి ఆనుకునే ఉంది.

ఆయన కాలు కదులుతోంది. నేను వెళ్ళలేదు. గొట్టం తీగని తాకుతున్నంతసేపూ ఆ చుట్టూ నేలలోనూ కరెంటు ఉండొచ్చు. ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే, లైన్ ఆపేదాకా దగ్గరికి వెళ్ళొద్దని, ఎవరినీ వెళ్ళనివ్వద్దని చెప్పారు. గోదాములో పనిచేసే ఒకతను పరుగెత్తుకొస్తుంటే చొక్కా పట్టుకుని ఆపాను. శ్రీధర్ గారు నన్ను పేరు పెట్టి పిలిచారు. "వస్తున్నారు, వస్తున్నారు" అంటూ అక్కడే నిలబడ్డాను. ఎంతసేపో నాకిప్పటికీ తెలియదు.

ఆయన బతికారు. కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు. పాదం కాలింది, మానుతోంది. నేను రెండు రోజులకే పనికి వెళ్ళాను. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు. రిపోర్టులు వేళకి పంపుతున్నాను.

ఇక నీ యాంటెన్నా సంగతి. అన్నిటికన్నా పెద్దది కావాలన్నావు. నేను పలకలా ఉండే చిన్న ప్యానెల్ యాంటెన్నా కొన్నాను. కర్రలాంటి యాంటెన్నా నాలుగు వైపులా వింటుంది, కానీ సిగ్నల్ ఎటునుంచి వస్తోందో చెప్పదు. ప్యానెల్‌ని మెల్లగా తిప్పుతూ పోతే, బలం పెరిగిన వైపు ఆ నెట్‌వర్క్ ఉన్నట్టు. గోడకి తగిలి తిరిగొచ్చే సిగ్నల్ కూడా ఉంటుంది, కాబట్టి రెండు మూడు చోట్ల నిలబడి చూడు. బిగించే ముందు కనెక్టర్ చూసుకో. మర సరిపోయినా లోపల సూది ఉండాల్సిన చోట లేకపోతే పనిచేయదు. కేబుల్ పొట్టిదే వాడు. పనికి ఎవరు పిలిస్తే వాళ్ళ నెట్‌వర్క్ మాత్రమే చూడు.

మీ బజారులో తీగలు డాబాలని రాసుకుంటూ వెళ్తాయని నాకు తెలుసు. వీలైనంతవరకు యాంటెన్నా చేత్తోనే పట్టుకుని చూడు. గొట్టం ఎత్తక తప్పకపోతే, అది ఏ వైపు పడినా తీగకి చాలా దూరంలోనే ఉండాలి. ఫైబర్‌దైనా సరే, తడిస్తే దాన్నీ నమ్మడానికి లేదు. వాన, ఉరుము ఉంటే డాబా ఎక్కకు. ఒక్కడివే వెళ్ళకు. నీ డాబా నుంచి తీగ ఎన్ని అడుగుల్లో ఉందో నేల మీద నిలబడి అంచనా వేసి నాకు రాయి.

నిన్న శ్రీధర్ గారింటికి వెళ్ళాను. ఆయన భార్య సుజాత గారు ఇన్నాళ్ళూ నాతో సరిగా మాట్లాడలేదు. నిన్న అడిగేశారు.

"నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా. పిలిస్తే కూడా ఎందుకు వెళ్ళలేదు?"

నేను చెప్పేలోపే శ్రీధర్ గారు అన్నారు. "వెళ్ళొద్దని నేర్పింది నేనే సుజాతా. వెళ్ళుంటే తను పోయేది."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ఫైబర్‌ది తెద్దామని ఆయన అడిగారని, వద్దన్నది నేనేనని ఆవిడకి చెప్పాను. శ్రీధర్ గారు కిటికీ వైపు తిరిగారు. ఆవిడ లేచి నాకు కంచం పెట్టారు.

"కూర్చో, ముందు అన్నం తిను" అన్నారు.

మజ్జిగ పులుసు వేసుకుని తిన్నాను. ఉప్పు కాస్త ఎక్కువైందని తెలిసింది.

స్వాతిని అడిగానని చెప్పు. పెద్దమ్మకి, బాబాయికి నా నమస్కారాలు. అమ్మని మనసులో నా తల మీద చెయ్యి పెట్టి ఒకసారి దీవించమను. ఎందుకని అడిగితే, ఊరికేనని చెప్పు.

నీ మేలు కోరే అక్క,
శైలజ