మాధవి చదివిన నా ఊహ

ఫార్మింగ్టన్ హిల్స్, శనివారం రాత్రి

మధ్యయుగాల నాటి ఆ డచ్ కవయిత్రి, ఉన్న చోటు నుంచి తనని ఎవరు వెళ్లగొట్టారో ఎక్కడా ఎందుకు చెప్పలేదు? పన్నెండేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. ఆవిడ జీవితం గురించి ఏమీ మిగల్లేదు, పాటలే మిగిలాయి. వాటిల్లో పంపేశారన్న బాధ ఉంది, పంపినవాళ్ల పేర్లు లేవు. శత్రువులు కాదు, తనతోపాటే ఉంటూ, పక్కన కూర్చుని ఆ పాటలు విన్న ఆడవాళ్లే పంపారని నా ఊహ.

ఇది నా స్నేహితురాలు మాధవికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చదువుకునే రోజుల నుంచీ శుక్రవారం సాయంత్రాలు ఇంటికి డ్రైవ్ చేస్తూ ఇద్దరం ఫోన్లో ఈ పాటల గురించే మాట్లాడుకుంటాం.

"రాసెయ్యవే తల్లీ" అనేది.

"ఇంకొక్కసారి చూసి రాస్తాలే" అనేదాన్ని.

ఇవాళ సెమినార్‌లో నా ఊహనే తన పేపర్‌గా చదివింది. 'వాట్సాప్ గ్రూప్‌లోంచి తీసేసినట్టు' అన్న నా జోకు కూడా వదల్లేదు. నా పేరొక్కటే వదిలేసింది. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. అది తలుచుకుంటేనే సిగ్గేస్తోంది.

పార్కింగ్‌లో పట్టుకుని అడిగాను. "అది నాది కదా, మాధవీ?"

"నీదే, కాదన్నానా? కానీ ఈ జన్మలో నువ్వు రాసేదానివా? నిజం చెప్పు" అంది, బ్యాగ్‌లో కారు తాళాలు వెతుక్కుంటూ.

నా కారెక్కి ఇంటికొచ్చేశాను.

సెమినార్ పెట్టిన ప్రొఫెసర్‌గారికి జరిగిందంతా చెబుతూ ఈమెయిల్ రాశాను. మూడుసార్లు దిద్దాను. మాధవి చేసింది మోసమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ కవయిత్రి పేర్లు దాచింది క్షమించా, నాలాగా తేల్చుకోలేకా?

ఈమెయిల్ పంపాలో వద్దో నాకింకా తెలియడం లేదు.