దానికి బియ్యప్పిండి

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ పేగులు తొలిచి చంపిన అమీబాని మా కాలేజీ ల్యాబ్‌లో నేనింకా బతికిస్తున్నానని నిన్న ఫోన్లో అమ్మ దగ్గర నోరు జారాను. పొద్దున్నే పర్చూరులో బస్సెక్కి గుంటూరు వచ్చేసింది.

"నా కొడుకుని తిన్నదాన్ని చూపించవే" అంది.

దాన్ని పెంచే గాజు గొట్టంలోంచి ఒక చుక్క స్లైడు మీద వేసి, నా వేలి రక్తం ఒక చుక్క కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాను. అది రక్తకణాల్ని చుట్టేసి మింగుతోంది. అమ్మ కన్ను తీయకుండా చూసింది.

"రోజూ ఏం పెడతావు దీనికి?"

"రోజు మార్చి రోజు చిటికెడు బియ్యప్పిండి."

లాగిపెట్టి చెంప మీద కొట్టింది. మిరపకాయల తొడిమలు తీసే చెయ్యి, చెంప ఇంకా మండుతోంది. "వాడు మెతుకు ముట్టకుండా పోయాడు, దీన్ని మేపుతున్నావా" అంటూ ఆ గాజు గొట్టాన్ని గోడకేసి కొట్టి, పెంకుల్ని చెప్పుకాలితో నూరింది.

అమ్మని బస్సెక్కించి వచ్చి నేలంతా బ్లీచింగ్ పోసి కడిగాను. తర్వాత ఇంక్యుబేటర్ తలుపు తీశాను. రెండో గొట్టం ఉందని అమ్మకి చెప్పలేదురా. నీ ఒంట్లోంచి వచ్చి ఇంకా బతికున్నది అదొక్కటే. ఇవాళ దానికి పిండి వేసే రోజు.

వేశాను.