పాట అయిపోయాక వచ్చే గరగర

కుట్టుపని నేర్పే టీచరుగా రిటైరైన నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. నన్ను బలవంతపెట్టే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదని సాక్షులకూ తెలుసు.

1. నా స్వార్జితమైన ఈ ఇల్లు నా తదనంతరం అబ్బాయికీ అమ్మాయికీ చెరిసగం చెందవలెను. కుట్టుమిషను అమ్మాయిదే. నూనె వేస్తూ ఉండు తల్లీ.

2. మా మరిది అడిగి పట్టుకెళ్ళి, గీత పెట్టి తెచ్చిన గ్రామఫోను రికార్డు ఆ గీతతో సహా అతనికే చెందవలెను. అక్కడ పాట అన్న మాటే మళ్ళీ మళ్ళీ అంటుంది. మా అమ్మాయి అలాగే నేర్చుకుని బడిలో అలాగే పాడొచ్చింది. నా కోపం ఇంకా పోలేదు మరిదీ, కానీ తలుచుకుంటే నవ్వొస్తుంది.

3. మిగిలిన రికార్డులూ ప్లేయరూ అబ్బాయికి.

4. మా ఆయన కంప్యూటరులోకి ఎక్కించిన పాటలు ఇద్దరివీ. వైరు కలిపితే చాలని అబ్బాయి మొత్తుకున్నా వినకుండా, స్పీకరు ముందు మైకు పెట్టి ఎక్కించారు. మన గదిలో ఎలా వినబడుతుందో అలాగే ఉండాలట! దాంతో ప్రతి పాటలోనూ నా గిన్నెల చప్పుడు, నా సణుగుడు. రికార్డింగు పాడవుతుందని ఆయన మాత్రం నోరు మెదిపేవారు కాదు. ఇప్పుడు ఎంత వెతికినా అన్నిట్లో నా గొంతే.

ఒక్క నీలం అట్ట రికార్డు తప్ప. పాట అయిపోయినా మైకు ఆపడం మరిచిపోయారు. ముల్లు గరగరమంటూ తిరుగుతూ ఉంటుంది. వడ్డించాను రండని నేను వంటింట్లోంచి కేకేస్తాను. కుర్చీ కిర్రుమంటుంది. “వస్తున్నా, నువ్వు మొదలుపెట్టు” అంటారు. నాకు మిగిలిన ఆయన మాట అదొక్కటే. రోజూ వింటాను, బెంగ తీరదు. ఆయన పోయినప్పటినుంచీ ఒక్కదాన్నే మొదలుపెడుతున్నాను.

చివర ఉత్త గరగరేనట, కత్తిరించి శుభ్రం చేస్తాడట మా అబ్బాయి. ఆ మాట విన్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను. సదరు గరగరలో రవ్వంత తీసేసినా, తీసినవారికి ఇంట్లో భాగం దక్కదు. నీమీద కోపం కాదు నాన్నా, భయం.

5. ఇది అమలు జరిపే పూచీ కింది అంతస్తు పళ్ళ డాక్టరుగారిది.

6. నన్ను సాగనంపే రోజున ఆ నీలం అట్ట పాట పెట్టండి. పాట అక్కర్లేదు, చివర చాలు. నేను పిలవడం, ఆయన వస్తున్నాననడం వినబడ్డాక ఆపెయ్యండి. వస్తానన్న మనిషి రాలేదు. నేనే వెళ్తున్నాను.

తేదీ: ఈ నెల పదకొండు, ఆదివారం
(సంతకం) అమ్మ

సాక్షులు:
కింది అంతస్తు పళ్ళ డాక్టరు
ప్లేయరుకు ముల్లు మార్చే మెకానిక్కు