గొట్టం దగ్గర పసుపు వద్దన్నాను

సుజాతా,

పక్కింటి రాజవ్వకు నీలాగే చేతికి మందులెక్కించే సన్న గొట్టం పెట్టి ఇంటికి పంపారు. ఈ పొద్దున అక్కడ దురద పెడుతోందంటే, కోడలు పట్టీ విప్పి పసుపు అద్దబోయింది.

"వద్దు బిడ్డా! గా గొట్టం సీదా గుండె దాక పోతది. ఇన్ఫెక్షన్ అయితే పానం మీదికొస్తది. నర్సమ్మకే చూపియ్యి," అన్నాను.

వెంటనే ఆర్మూర్ దవాఖానకు తీసుకెళ్లాం. నర్సమ్మ శుభ్రం చేసి కొత్త పట్టీ వేసింది.

ఇంటికొచ్చాక రాజవ్వ అడిగింది: "పసుపు బస్తాలు మోసెటోడివి, నీకు గివన్ని ఎవలు చెప్పిండ్రు?"

నీ గురించి చెప్పాను. ఆ గొట్టం ఉన్నన్నాళ్లూ, మార్కెట్ నుంచి వచ్చి సబ్బుతో చేతులు కడిగేదాకా నువ్వు నన్ను దగ్గరికి రానిచ్చేదానివి కాదుగా.

"నా పెండ్లాం మస్తు తిట్టేది," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నువ్వు పోయాక, ఇన్ని రోజులకు నీ పేరు తలచుకుని నవ్వాను.