సంచిలో బిడ్డ, సంచిలో తల్లి

చీమకుర్తి,
జులై 2002

అక్కా,

నువ్వూ బావా ఎస్తేరూ కులాసా అని తలుస్తాను. రూతు బాగుంది. నా మనసే బాగాలేదు.

ఇవాళ ఏడో తరగతికి కోలా పాఠం చెప్పాను. ఆస్ట్రేలియాలో జామాయిల్ చెట్ల మీద ఉంటుందది. బిడ్డను పొట్ట సంచిలో పెంచి, కాస్త ఎదిగాక వీపు మీద మోస్తుంది. "మన జామాయిల్ తోటల్లో వదిలితే బతుకుద్దా టీచర్?" అని ఒక పిల్ల అడిగితే అందరం నవ్వాం. తిరిగొస్తుంటే క్వారీ రోడ్డు పక్కన తుమ్మకొమ్మకు పుల్లల సంచి వేలాడుతూ కనిపించింది. అందులో ఉండేది ఒక చిమ్మట, దీపపు పురుగు లాంటిది. దాని సంగతి చాలామందికి తెలియదు. ఆడదానికి రెక్కలుండవు, సంచి వదిలి రాదు. అందులోనే గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పిల్లలు దారాలకు వేలాడి గాలికి ఎటో పోతాయి. అక్కడ బిడ్డ సంచిలో, ఇక్కడ తల్లి సంచిలో. దాన్నే చూస్తూ నిలబడిపోయానక్కా.

నా బిడ్డ పురిట్లోనే పోయి, గర్భసంచి కూడా తీసేశాక, నీ నెలల పిల్లను నా ఒళ్లో పెట్టి "ఇక ఇది నీదేనే" అన్నావు. మొన్న నువ్వొచ్చినప్పుడు రూతు నిన్ను చూసి ఏడ్చి, నా వీపును కరుచుకుపోయింది. నువ్వు ముఖం కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్లావు. నీ భుజాలు అదరడం కిటికీలోంచి చూశాను. కన్నది నువ్వు, మోసే సుఖం నాది.

"పిల్ల లేకపోతే నువ్వు బతకలేవు" అని ఆయన అంటూనే ఉన్నారు. అయినా నిశ్చయించుకున్నాను. వచ్చే శనివారం రూతును తెచ్చి నీకిచ్చేస్తాను. కాదనకు.

నీ చెల్లెలు,
ఆరాధన


సత్తెనపల్లి

ఆరా తల్లీ,

పిల్లను తేవద్దు.

రూతు నన్ను గుర్తుపట్టలేదని కాదే నేను ఏడ్చింది. నిన్ను అంత గట్టిగా పట్టుకుంటే గుండె నిమ్మళించి ఏడుపొచ్చింది. ఆ రోజు నీకొక మాట చెబుదామనే వచ్చాను, చెప్పకుండానే తిరిగి బస్సెక్కాను. నా రొమ్ములో గడ్డ ముదిరిపోయిందట. గుంటూరు డాక్టరమ్మ మీ బావను పక్కకు పిలిచి చెబుతుంటే నాకు వినపడింది. ఆ చిమ్మట పిల్లల్ని చూడకుండానే పోతుందన్నావు. నేను రూతు నడక కూడా చూశాను. నాకది చాలు.

ఆదివారం గుడి అయ్యాక మీ బావ మా పెద్దది ఎస్తేరును తీసుకొస్తాడు. చదువుకని దానికి చెప్పాను. జడ గట్టిగా లాగితే ఊరుకోదు. చీకట్లో ఒక్కతే పడుకోదు, నీ పక్కన వేసుకో. నిన్ను పిన్ని అనే పిలవనీ, తొందరపెట్టకు.

అమ్మా అని పిలవడానికి నేనింకా ఉన్నాను.

నీ అక్క,
ప్రేమమ్మ